అరువు ఊపిరి

ఆసుపత్రి అడుగున ఉన్న లాండ్రీలో ఆమెను అందరూ రేడియో అనేవారు. పొద్దున్నే ఇస్త్రీ రోలర్ వేడెక్కేలోపు నోరు తెరిస్తే చివరి ట్రాలీ పైకి వెళ్ళేదాకా మూసేది కాదు. చెప్పేవన్నీ పక్కవాళ్ళ కథలే. మూడో అంతస్తు నర్సు పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో, మందుల గది గుమాస్తా ఎవరిని చూసి జుట్టుకు రంగు వేసుకుంటున్నాడో ఆమెకు తెలియాల్సిందే. చెప్పి ఊరుకునేది కూడా కాదు, చేసి చూపించేది. నర్సులా నడిచేది, గుమాస్తాలా జుట్టు సర్దుకునేది. తడి దుప్పటి అవతలి కొస పట్టుకున్న మనిషి నవ్వు ఆపుకోలేక దుప్పటి వదిలేస్తే, ఈలాయన వచ్చి ఇద్దరినీ కలిపి దులిపేసేవాడు. ఈలాయన అంటే సూపర్‌వైజరు. యంత్రాల హోరులో మాట వినపడదని మెడలో ఈల కట్టుకున్నాడు గానీ, యంత్రాలు ఆగిపోయినప్పుడు కూడా అదే వేసేవాడు. అధికారం ఒకసారి ఒంటికి పట్టాక అంత తేలిగ్గా వదలదు మరి.

రేడియోకి పూర్తి వ్యతిరేకం ఆమె వదిన. వరసకు పిలిచే వదిన కాదు, సొంత అన్న భార్య. తల్లి లేని ఇంటికి ఆమె కొత్త కోడలిగా వచ్చేనాటికి రేడియోకి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. తల దువ్వింది, జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, పెద్దయ్యాక పెళ్ళి చేసి పంపింది. ఆ మొగుడితో పొసగక రేడియో మూటా ముల్లె సర్దుకుని తిరిగొచ్చేస్తే, ఎందుకొచ్చావని అడగని మనిషి లోకం మొత్తంలో వదిన ఒక్కతే. అన్న పోయాక ఆసుపత్రివాళ్ళు వదిన ఉద్యోగం మీద ఇచ్చిన గదిలో ఆడపడుచూ వదినా ఇద్దరే మిగిలారు. వదిన నోట్లో నాలుక లేని మనిషి. "ఇంటికి ఒక రేడియో చాలదా" అని నవ్వి ఊరుకునేది.

వదిన పని బ్లీచింగ్ గదిలో. పైనుంచి వచ్చే రక్తం మరకల దుప్పట్లన్నీ ముందు అక్కడికే చేరతాయి. వాటిని ఘాటైన మందు కలిపిన తొట్లలో నానబెట్టాలి, కర్రతో కలియబెట్టాలి, పిండి తీయాలి. ఆ గదికి కిటికీ లేదు. గోడలో ఒక ఫ్యాను ఉంది, పైనుంచి పెద్దవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు మాత్రం తిరుగుతుంది. కొత్తవాళ్ళు గుమ్మంలోనే కళ్ళు నలుపుకుని వెనక్కి పారిపోతారు. వదిన అందులో నెగ్గుకొచ్చిందని ఇన్నాళ్ళూ అందరూ మెచ్చుకునేవాళ్ళు. నెగ్గుకురావడం ఏమిటి నా మొహం, ఊపిరితిత్తులు కొంచెం కొంచెంగా అప్పజెప్పింది. ఇప్పుడు పొద్దున బాగానే లోపలికి వెళ్తుంది, సాయంత్రానికి ఛాతీ మూసుకుపోతుంది, మెట్లెక్కాలంటే మధ్యలో కూర్చుంటుంది. ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజు గదికి దూరంగా ఉంటే చాలు, మళ్ళీ ఊపిరి ఆడుతుంది.

లాండ్రీకి అవతలి చివర మడత గది ఉంది. దానికి పెద్ద కిటికీ. అక్కడ కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టే ముసలామె పని మానేయడంతో కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఆ కుర్చీ వదినకి ఇప్పించాలని రేడియో పంతం పట్టింది. దానికి పనివాళ్ళ ఆరోగ్యం తేల్చే బోర్డు డాక్టరు ఒక్క మాట రాయాలి, ఈ మనిషికి తేలిక పని ఇవ్వండి అని. పోనీ వదిన చోటులోకి నేను వెళ్తాను, ఆమెను నా రోలర్ దగ్గర పెట్టండని రేడియో అడిగి చూసింది. "మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోడానికి ఇదేమైనా మీ వంటిల్లా?" అన్నాడు ఈలాయన.

బోర్డు డాక్టరు పని చేసేవాళ్ళను చూసేది సోమవారం పొద్దున మాత్రమే. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆదివారం విశ్రాంతి తీసుకుని, తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వదిన వెళ్ళింది. ఊపిరి బలం చూడటానికి ఆయన దగ్గర ఒక గొట్టం ఉంటుంది, నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదితే పక్కనున్న ముల్లు పైకి కదులుతుంది. వదిన ఊదితే ముల్లు చక్కగా పైకెక్కింది. "మీకేంటమ్మా, నాకంటే బాగున్నారు" అన్నాడాయన నవ్వుతూ. వదిన కూడా మర్యాదకి నవ్వింది.

"దగ్గు వచ్చిందా?" అని బయట రేడియో ఆత్రంగా అడిగింది.

"వచ్చింది గానీ మింగేశాను."

"మింగేశావా?"

"అంత పెద్ద డాక్టరు మొహం మీద దగ్గితే ఏం బాగుంటుందే?"

రేడియోకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద అరవాలో తెలియక ఆ పూటంతా నోరు మూసుకుంది. లాండ్రీలో అందరూ ఆమెకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆసుపత్రి పెద్దలకి పనివాళ్ళ ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బ్లీచింగ్ గదిలో ఫ్యాను రోజూ తిప్పించలేదు, గోడకి కిటికీ పెట్టించలేదు. ఒక కుర్ర డాన్సు మేడమ్‌ను పిలిపించారు. శనివారం పని అయ్యాక క్యాంటీన్‌లో బల్లలు పక్కకి జరిపి, ఒంటిని కదిలిస్తూ కథలు చెప్పుకుంటే మనసులో బరువు దిగుతుందట, ఆరోగ్యం అందరి హక్కట. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, ఆమె నిజంగానే నమ్మింది. చెప్పుల్లేకుండా, వెన్ను నిటారుగా పెట్టి, దొరికిన ప్రతివాడి చేతులూ పైకి లాగుతూ తిరిగేది. మొదటి రోజే ఆమెకి సాగదీత మేడమ్ అని పేరు పడింది.

"మీ ఒంట్లో బరువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని వెతకండి. అక్కడికి గాలి పంపండి" అంది మేడమ్.

"నా బరువంతా పొట్టలోనే ఉంది మేడమ్. గాలి కూడా అక్కడే ఉంది" అన్నాడు ట్రాలీ తోసే బాబాయి. అందరూ పడీపడీ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. అప్పటినుంచి ఆమె వాళ్ళకి నచ్చింది.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఎవరి బాధ వాళ్ళు ఆడకూడదు. ఒకరు కూర్చుని చెప్పాలి, ఇంకొకరు లేచి దాన్ని ఒంటితో చేయాలి. ముందుగా అనుకోకూడదు, అప్పటికప్పుడు ఒళ్ళు ఎటు పోతే అటు పోవాలి. "మన నొప్పిని మనమే మళ్ళీ చేస్తే రెండోసారి నొప్పెడుతుంది. పక్కవాళ్ళు మోస్తే తేలికవుతుంది" అని చెప్పింది. వినడానికి బాగానే ఉంది. చేస్తే ఇంకా బాగుంది. రోలర్ దగ్గర చేయి కాలిన అమ్మాయి తన మణికట్టు కథ చెబితే, ట్రాలీ బాబాయి అంత పొట్టతోనూ లేచి ఆ చేతిని గాల్లో తిప్పుతూ, దాచుకుంటూ, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి పెట్టుకుంటూ ఆడాడు. మొదట్లో నవ్వినవాళ్ళు చివరికి నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం బాబాయి దగ్గరకెళ్ళి, కాలింది తనకే అయినా, ఆయన మణికట్టు నిమిరి వచ్చింది.

వదిన వంతు వచ్చింది. "నాకేం లేదండీ" అంది అలవాటుగా. మేడమ్ వదల్లేదు. వదిన కాసేపు చేతులకేసి చూసుకుంది. "కొంచెం ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. అందుకని గోడకి ఆనుకుని కూర్చుంటాను. తెల్లారిపోతుంది" అంది. అంతే, కథ అయిపోయింది.

రేడియో తెల్లబోయింది. ఒకే గదిలో, చేయి చాపితే తగిలేంత దూరంలో పడుకునే మనిషి. ఊళ్ళో అందరి గుట్టూ తెలిసిన తనకి పక్క మంచం మీద మనిషి రాత్రంతా కూర్చునే ఉంటుందని తెలియదు.

"ఎన్నాళ్ళనుంచి వదినా?"

"నీకు నిద్ర ఎక్కువ కదే. లేపడమెందుకని."

ఎవరు ఆడతారని మేడమ్ అడిగేలోపే రేడియో లేచింది. ఏం చేయాలో ఆమెకి తెలియదు. గోడ దగ్గరకెళ్ళి ఆనుకుని కూర్చుంది. మోకాళ్ళు దగ్గరకి లాక్కుంది. నర్సును చేసినట్టు, గుమాస్తాను చేసినట్టు చేద్దామనుకుంది గానీ, ఈసారి భుజాలు వాటంతటవే పైకి లేచాయి. పక్కన పడుకున్న ఎవరినో లేపకూడదని నోటికి అరచేయి అడ్డం పెట్టుకుంది. ఆ పడుకున్నది తనే. అది అర్థమయ్యేసరికి ఏడుపు ముంచుకొచ్చి, ఆడటం ఆపేసి వదిన ఒళ్ళో తలపెట్టేసింది.

సాగదీత మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పింది. ఒక ఆదివారం సాయంత్రం ఇదే క్యాంటీన్‌లో ప్రదర్శన ఉంటుంది. పెద్దలందరూ వస్తారు. బోర్డు డాక్టరు కూడా వస్తాడు.

రేడియో బుర్రలో దీపం వెలిగింది. సోమవారం పొద్దున గొట్టం చెప్పనిది తన ఒళ్ళు చెబుతుంది. ఆ డాక్టరు ఒక్కసారి కళ్ళారా చూస్తే కుర్చీ ఇవ్వకుండా ఉంటాడా? ఆయన మనిషి కాడా?

వదినకి ససేమిరా ఇష్టం లేదు. "నా రోగాన్ని బజారుకెక్కిస్తావా?" అంది. రేడియో బతిమాలింది, కోప్పడింది, అన్నం తినకుండా కూర్చుంది. చివరికి వదినే మెత్తబడింది. కాకపోతే ఒక షరతు పెట్టింది. "చేస్తే సరిగ్గా చెయ్యి. నువ్వు చేసేది గుర్రం సకిలించినట్టుంది."

అలా మొదలైంది ఆ గదిలో పాఠం. పని నుంచి వచ్చాక, స్టవ్ మీద టీ మరుగుతుండగా, వదిన మంచం మీద కూర్చుని చూసేది, రేడియో గోడ దగ్గర చేసేది. ఇన్నేళ్ళలో వదిన అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. "ముందు చేయి గోడ మీద పెట్టాలి. గోడ మనకోసం ఊపిరి పీలుస్తుందేమో అనిపిస్తుంది" అనేది. "పీల్చడం కష్టం కాదు. లోపలికి పోయింది బయటికి రాదు, అదే కష్టం" అనేది. రేడియో ఈలలా చప్పుడు చేస్తే తల అడ్డంగా ఊపేది.

"అంత చప్పుడు రాదే. చప్పుడు వస్తే ఇంకా గాలి ఉన్నట్టే లెక్క. మరీ ఎక్కువైనప్పుడు ఏమీ వినపడదు."

"మరి చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తెలియదు" అంది వదిన, టీ దించుతూ.

మధ్యాహ్నం భోజనం వేళ రేడియో బ్లీచింగ్ గది గుమ్మంలో నిలబడి ఆమెనే చూసేది. తొట్టి మీదికి వంగినప్పుడు మెడలో నరం ఎలా బిగుసుకుంటుందో, కర్ర మీద గడ్డం ఆనించి ఎలా ఆగుతుందో చూసేది. "ఏం చూస్తావే అలా, నేనేమైనా సినిమానా?" అని వదిన కసిరేది గానీ, ఆమెకి లోలోపల సంతోషంగానే ఉండేది. తన ఊపిరిని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. రేడియోకి కూడా గొప్పగా ఉండేది, ఎందుకు దాచాలి. ఇంత బాగా తను ఎవరినీ చేయలేదు. రోజురోజుకూ ఒళ్ళు వదినలా అయిపోతుంటే, చేసే పనిలో ఉండే సుఖం ఆమెకి తెలిసొచ్చింది.

ప్రదర్శన రోజు క్యాంటీన్‌లో ముందు వరసలో మెత్తటి కుర్చీలు వేశారు. మణికట్టు అమ్మాయి, ట్రాలీ బాబాయి, అందరూ తలా ఒకరి బాధ ఆడారు. పెద్దలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. చివర్న వదిన బల్ల పక్కన కూర్చుని, నేర్చుకున్న నాలుగు మాటలూ నేల చూపులు చూస్తూ చెప్పేసింది. ఆమె గొంతు ముందు వరసదాకా కూడా పోలేదు. ఎవరూ ఆమెకేసి చూడలేదు. అందరి కళ్ళూ గోడ మీద చేయి పెట్టిన రేడియో మీదే ఉన్నాయి.

ఆమె ఏ చప్పుడూ చేయలేదు. భుజాలు లేచాయి, పెదాలు చేపలా కదిలాయి, మెడలో నరం బిగుసుకుంది. మెల్లగా గోడకి ఆనుకుని కిందికి జారి, నోటికి అరచేయి అడ్డం పెట్టుకుంది. క్యాంటీన్ మొత్తం తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. ఎంతసేపైనా ఆమె గాలి పీల్చకపోవడంతో బోర్డు డాక్టరు కుర్చీ తోసుకుని లేచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె నాడి పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందమ్మా? ఎవరూ చెప్పలేదేం నాకు?" అన్నాడు. ఈలాయన వైపు తిరిగి గద్దించాడు. "ఈమెని రేపే మడత గదిలో కూర్చోబెట్టండి. మనుషులేనా మీరు?"

కుర్చీ దొరికింది. రేడియో గుండె సంతోషంతో గంతులేసింది. ఆ ఆనందంలో చటుక్కున లేచి నిలబడి, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుని, క్యాంటీన్ దద్దరిల్లేలా నవ్వింది.

"నాకు కాదు సార్! నేను గుండ్రాయిలా ఉన్నాను. ఇదంతా మా వదినది! వదినా, ఇలా రా!"

వెనక వరసల్లో నవ్వులు పేలాయి. అంతసేపు బిగబట్టిన జనం కదా, పగలబడి నవ్వారు. పెద్దలు నవ్వారు. మోకాళ్ళ మీద కూర్చున్న డాక్టరు ఒక్కడే నవ్వలేదు. ప్యాంటు దులుపుకుంటూ మెల్లగా లేచాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అందరి ముందూ ఏడ్చినంత పని చేశాడు, అది కూడా గుండ్రాయి లాంటి మనిషి కోసం. పాపం ఆయన మంచివాడే. చెడ్డవాడైతే పరుగెత్తుకొచ్చేవాడే కాదు, ఇంత అవమానమూ జరిగేది కాదు.

వదిన తల వంచుకుని వచ్చి నిలబడింది. ఆదివారం సాయంత్రం. ఊపిరి హాయిగా ఆడుతోంది. పైగా చుట్టూ ఇంతమంది.

"మీరా? మీరు మొన్న వచ్చారు కదూ. బాగానే ఊదారే" అన్నాడు డాక్టరు. తర్వాత రేడియో వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు. "ఇంత బాగా ఎలా చేయగలిగావమ్మా?"

అది మెచ్చుకోలనుకుంది రేడియో. పొంగిపోయింది. "రోజూ ఇంట్లో ప్రాక్టీసు చేశాం సార్, ఇద్దరం కలిసి!" అంది.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. మడత గది మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత జరిగినవి ఒక్కొక్కటిగా తెలిశాయి. మణికట్టు అమ్మాయి కాలిన చేతికి చికిత్స సెలవు అడిగితే, "నీది కాలిందా, ఆ లావాటాయనది కాలిందా?" అని బోర్డు గదిలో నవ్వారట. ట్రాలీ బాబాయి మోకాళ్ళు చూపించుకోడానికి వెళ్తే, క్యాంటీన్‌లో గంతులేసిన మోకాళ్ళేగా అన్నారట. సాగదీత మేడమ్‌కి ఒక జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి పంపించేశారు. పోతూ పోతూ ఆమె రేడియోని కౌగిలించుకుని, "మీరు అద్భుతంగా చేశారు" అంది. నిజమే మరి. కొంచెం చెత్తగా చేసి ఉంటే బాగుండేది.

లాండ్రీలో ఎవరూ రేడియోని పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆమెకి నరకంగా ఉంది. దుప్పటి అవతలి కొస పట్టుకున్నవాళ్ళు కథ చెప్పమని అడగడం మానేశారు. మడత గదిలో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, ఎవరో ఒకరు వచ్చి కూర్చునేదాకా అది తన బాధ్యతే అనుకుంది రేడియో. పని అవగానే బోర్డు గది బయట నిలబడేది. డాక్టరు వస్తే వెంటపడేది. వాన వచ్చినా అక్కడే, ఈలాయన తిట్టినా అక్కడే. ఒకరోజు ఆయన విసిగిపోయి ఆగాడు.

"ఏం కావాలమ్మా నీకు?"

"మా వదినని మళ్ళీ చూడండి సార్. సోమవారం పొద్దున వద్దు. పని దిగాక చూడండి. ఆ గదిలోంచి తిన్నగా మీ దగ్గరికి తీసుకొస్తాను. కాళ్ళు పట్టుకుంటాను సార్."

"సరే, తీసుకురా. న్యాయం అంటే న్యాయమే" అన్నాడు.

ఆ సాయంత్రం లిఫ్టు రోగులకే అని కాపలావాడు ఆపేస్తే, వదినని మెట్ల మీద నడిపించి తీసుకెళ్ళింది రేడియో. మొదటి మలుపులో వదిన ఆగింది, రెండో మలుపులో కూర్చుంది. ఏప్రన్ కూడా విప్పలేదు, చేతులకి ఇంకా ఆ మందు వాసన. పెదాలు నల్లబడ్డాయి. అంత కష్టంలో ఉన్న మనిషిని చూస్తూ, హమ్మయ్య, ఇవాళ బాగా ఎక్కువగా ఉంది అనుకుంది రేడియో. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా అలాగే అనుకుంది.

బోర్డు గదిలోకి అడుగుపెట్టగానే వదిన చేయి గోడ మీద పెట్టింది. భుజాలు లేచాయి. మెడలో నరం బిగుసుకుంది. దగ్గు మింగలేదు, మింగడానికి దగ్గే లేదు. ఏ చప్పుడూ లేదు.

డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. మెడలో వేలాడే స్టెతస్కోపు చెవులకి పెట్టుకోలేదు. ఆమెను చూస్తూ ఉండిపోయాడు, చూసిన సినిమానే మళ్ళీ చూస్తున్నవాడిలా. బల్ల మీద ఉన్న ఊదే గొట్టం ముందుకి జరిపాడు. వదిన దాన్ని నోట్లో పెట్టుకుని ఊదింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"చూడండి సార్" అంది రేడియో. ముల్లుకేసి వేలు చూపించింది.

"చూశాను. క్యాంటీన్‌లో కూడా చూశాను" అన్నాడాయన. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "చేయి గోడ మీద, భుజాలు ఇలా. అంతా అలాగే ఉంది. నీ అంత బాగా మాత్రం రాలేదు."

"అయ్యో సార్! ఆమె నాకు నేర్పింది. నేను ఆమెకి నేర్పలేదు!"

"ఎవరు ఎవరికి నేర్పితే ఏమిటమ్మా? ఈ గొట్టం ఊదేవాళ్ళ మనసు మీద ఆధారపడుతుంది. గట్టిగా ఊదకపోతే ముల్లు లేవదు. ఈ చిట్కా మీతో మొదలవ్వలేదు." వదిన వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరు కూడా ఇలా దొంగ ఊదు ఊదితే ఎలా?"

వదిన తలెత్తింది. ఆ ఒక్క మాట ఆమెను ఎక్కడ తాకిందో రేడియోకి తెలుసు. దుప్పట్ల మూటల్లో మరిచిపోయిన రోగుల ఉంగరాలు దొరికితే పైకి పరుగెత్తి ఇచ్చొచ్చిన మనిషి. ఇంట్లో ఆసుపత్రి సబ్బు ముక్క ఒకటి కనపడితే రేడియోని వాయించిన మనిషి. ఆమెను ఎవరూ ఎప్పుడూ దొంగ అనలేదు.

"ఇవ్వండి" అంది వదిన. ఆ మూడక్షరాలకే ఆమె రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

"వద్దు వదినా" అంది రేడియో. ఎందుకు వద్దంటోందో డాక్టరు ముందు చెప్పలేకపోయింది.

వదిన గొట్టం అందుకుంది. రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. కళ్ళు మూసుకుని, ఒంట్లో మిగిలిన గాలినంతా, రాత్రికి దాచుకున్న గాలిని కూడా, ఎక్కడెక్కడినుంచో ఊడ్చుకొచ్చి ఊదింది. మొహం కమిలిపోయింది. ముల్లు లేచింది. ఎక్కాల్సినంత ఎక్కలేదు గానీ, ఇందాకటి కంటే బాగానే లేచింది.

"చూశారా?" అన్నాడు డాక్టరు మెల్లగా. "మనసు పెట్టి ఊదితే వస్తుంది." కలం తీసి, పనికి తగిన ఆరోగ్యం ఉందని రాసి, పైకి చదివి వినిపించాడు. "మళ్ళీ ఇలాంటివి చేయకండమ్మా. నిజంగా జబ్బు చేసినవాళ్ళ నోరు కొట్టినవాళ్ళవుతారు."

వరండాలో బెంచీ ఉంటే వదినని కూర్చోబెట్టింది రేడియో. వీపు నిమిరింది. ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి ఊపిరి ఎక్కడో చిన్న సందు వెతుక్కుని బయటికి రావడం మొదలుపెట్టింది. నర్సులు వెళ్తూ వాళ్ళకేసి చూసి, గుర్తుపట్టి, చిరునవ్వు నవ్వుకుంటూ పోయారు. ఎవరూ ఆగలేదు.

వదిన మొహంలోకి రంగు కొంచెం తిరిగొచ్చాక ఆడపడుచు చేయి పట్టుకుంది. కళ్ళల్లో చిన్నపిల్లలా ఒక వెలుగు ఉంది.

"ముల్లు పైకెక్కింది కదే?"

"ఎక్కింది వదినా."

"దొంగదాన్ని కానని తెలిసుంటుంది కదా ఆయనకి?"

రేపు పొద్దున మళ్ళీ ఆ తొట్లు, ఎల్లుండి మళ్ళీ అవే. బెంచీ కింద వదిన చెప్పు ఒకటి ఊడి పడి ఉంటే, వంగి ఆమె కాలికి తొడిగింది.

"తెలిసింది వదినా" అంది. "చాలా బాగా ఊదావు."